మిర్చి కల్లంలో రెండు కెమెరాలు

మార్చి నెల మిట్టమధ్యాహ్నం, భద్రాచలం దాటాక ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గరున్న చర్ల చుట్టుపక్కల ఏ మిర్చి కల్లంలో ఫోన్ బయటికి తీసినా ఒకటే కథ. తేజ రకం మిర్చి ఎరుపు ఫొటోలో కాయలుగా రాదు, రంగు డబ్బా ఒలకబోసినట్టు ఒకే ముద్దగా వస్తుంది. కాయ మీది ముడత పోతుంది. తొడిమ పచ్చదనం పోతుంది. తాలు వేరు చేస్తూ కూర్చున్న మనిషి ముఖం నల్లటి మచ్చయినా అవుతుంది, లేదంటే ఫోన్ తన తెలివంతా చూపించి ఆ ముఖాన్ని తెల్లగా, నున్నగా దిద్ది మరెవరిదోలా మార్చేస్తుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి కాయ ఏరడానికి వచ్చిన గొత్తికోయ అమ్మాయి తన ఫొటోలో తనను గుర్తుపట్టలేకపోతే అది ఆమె తప్పు కాదు.

ఇటువైపు మంచి కెమెరా కొనాలనుకునేవాళ్లు పెరిగారు. మండల విలేకరులు, బడి పంతుళ్లు, యూట్యూబ్ చానల్ నడిపే కుర్రాళ్లు, భద్రాచలంలో స్టూడియో పెట్టుకున్నవాళ్లు, చదువుకుని ఊరికి తిరిగొచ్చి తమ పండుగల్ని తామే తీసుకుందామనుకునే కోయ యువకులు. వీళ్లలో చాలామందికి లెన్సుల సంచి మోసే ఓపిక లేదు. బైకు మీద భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల దాకా దాదాపు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి సరిహద్దు ఊళ్లకు మట్టిబాట. కెమెరా భుజానికి వేలాడే చిన్న సంచిలోనో జేబులోనో పట్టాలి, లోపలి సెన్సర్ మాత్రం పెద్దదిగా ఉండాలి. ఈ రెండు షరతులూ పెడితే జాబితా చాలా చిన్నదైపోతుంది. అందులో ఎక్కువమంది తర్జనభర్జన పడేది రెండింటి మధ్యే: రికో జీఆర్-3, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100-6. పెట్టె మీద రోమన్ అంకెలుంటాయి కానీ దుకాణంలో జీఆర్ త్రీ, ఎక్స్ హండ్రెడ్ సిక్స్ అంటే చాలు.

చచ్చిపోయిందనుకున్న జాతి

2010లో పెద్ద కెమెరా కంపెనీలన్నీ కలిసి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు అమ్మాయి. 2023 నాటికి ఆ లెక్క 80 లక్షల లోపుకు పడిపోయింది. ఆ దెబ్బకు ముందుగా పోయినవి పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ప్రతి చేతిలో కనిపించిన చిన్న కెమెరాలే. ఫోన్ చేసే పనినే అవీ చేసేవి మరి. బతికి బట్టకట్టినవి ఫోన్ చేయలేని పని చేసేవి.

ఆ పనికి మూలం సెన్సర్ వైశాల్యం. పాత చిన్న కెమెరాల సెన్సర్ 28 చదరపు మిల్లీమీటర్లు. ఖరీదైన కొన్ని ఫోన్లలో వాడుతున్న 'ఒక అంగుళం' రకం 116. ఈ రెండు కెమెరాల్లో ఉన్న ఏపీఎస్-సీ సెన్సర్ దాదాపు 366. వెలుతురును పట్టే పళ్లెం పెద్దదైతే నీడలో కూడా ముఖం ముఖంలాగే మిగులుతుంది. ఫోన్ లాగా పది ఫొటోలు కలిపి అతుకులు వేయాల్సిన అవసరం పడదు. జేబులో పట్టే కెమెరాలో ఇంచుమించు ఇంత సెన్సర్ పెట్టడాన్ని 2008లో సిగ్మా కంపెనీ డీపీ1తో మొదలుపెట్టింది. ఫొటో బాగుండేది గానీ అది అడుగు తీసి అడుగు వేసేంత నిదానం. 2011లో ఫ్యూజీ ఎక్స్100 అమ్మకానికి వచ్చాకే ఈ రకానికి గిరాకీ పుట్టింది. ఆరో తరం 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. రికో వంశం ఇంకా పాతది: 1996లో ఫిల్మ్ కెమెరా జీఆర్1గా మొదలైంది. టోక్యో వీధుల్ని గరుకు నలుపు తెలుపుల్లో తీసిన ఫొటోగ్రాఫర్ డైడో మొరియామా చేతిలో ఈ జీఆర్‌లే ఉండేవి. 2013లో దానికి పెద్ద సెన్సర్ వచ్చింది, 2019లో జీఆర్-3 వచ్చింది. 2025లో జీఆర్-4 కూడా దిగింది. అది వచ్చాక జీఆర్-3 వాడినవి చేతులు మారడం మామూలైంది, కాబట్టి మన లెక్కలోకి వచ్చేది జీఆర్-3నే.

విడుదలైనప్పటి ధర రికోకు 899 డాలర్లు, ఫ్యూజీకి 1,599 డాలర్లు. మన దగ్గర పన్నులు కలుపుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఎకరం మిర్చికి పెట్టుబడి పెట్టినంత డబ్బు ఒక కెమెరాకు పోస్తున్నామని గుర్తుంటే ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు.

ఎక్కడ నిలబడాలి

రెండింటికీ లెన్సు మార్చే వీలు లేదు, జూమ్ లేదు. ఉన్న లెన్సుతోనే బతకాలి. రికోది 28 మిల్లీమీటర్ల చూపు, ఫ్యూజీది 35. కాగితం మీద ఏడు మిల్లీమీటర్ల తేడానే. నేల మీద అది మనిషికి మనిషికి మధ్య దూరం.

కోయవాళ్ల ఇల్లు తీసుకుందాం. మట్టిగోడ, తలవంచి దూరాల్సిన గుమ్మం, లోపల పొయ్యి వెలుగు. గోడకు వీపు ఆనించి మూడు మీటర్ల దూరంలో ఉన్నది తీస్తే రికోలో దాదాపు 3.85 మీటర్ల వెడల్పు పడుతుంది, ఫ్యూజీలో 3.05 మీటర్లు. ఆ ఎనభై సెంటీమీటర్లలో ఒక మనిషి పడతాడు. పొయ్యి దగ్గర అమ్మ, గుమ్మంలో పిల్లాడు ఇద్దరూ ఒకే ఫొటోలో ఉండాలంటే రికో తీస్తుంది. ఫ్యూజీ ఇద్దరిలో ఒకరిని వదిలేయమంటుంది.

సంతలోకి వస్తే లెక్క తలకిందులవుతుంది. చింతపండు, ఇప్పపువ్వు, ఎండుచేపలు, కోడిపుంజులు, అల్యూమినియం గిన్నెలు, సెల్‌ఫోన్ రీచార్జి గొడుగులు అన్నీ పక్కపక్కనే. 28తో ఒక మనిషిని ఫొటో నిండా తీయాలంటే చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరికి వెళ్లాలి. టోక్యో వీధిలో ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు, అక్కడ ఆ దూరం చెల్లుతుంది. చర్ల సంతలో బేరం చేస్తున్న ముసలమ్మ ముఖానికి అరగజం దూరంలో కెమెరా పెట్టడం మర్యాద కాదు. పెట్టినా ఆమె బిగుసుకుపోతుంది, ఫొటో కూడా బిగుసుకుపోయే వస్తుంది. 35 ఒక అడుగు వెనక్కి నిలబడనిస్తుంది. 'అవ్వా, ఒక ఫొటో తీసుకోనా?' అని అడిగి, ఆమె నవ్వి, పక్కావిడతో ఏదో అని, మళ్లీ తన పనిలో పడేదాకా ఆగడానికి ఆ అడుగు సరిపోతుంది.

ఆట దగ్గర మళ్లీ రికోదే పైచేయి. తలకు అడవిదున్న కొమ్ములు కట్టుకుని, డోలు వాయిస్తూ ఆడే కొమ్ముకోయ ఆటలో ఎవరూ ఒకచోట నిలవరు. అక్కడ ఆటోఫోకస్ దేన్ని పట్టుకోవాలో తేల్చుకునే లోపు అడుగు మారిపోతుంది. రికోలో 'స్నాప్ ఫోకస్' అని ఒక పాత కిటుకు ఉంది: దూరం ముందే రెండున్నర మీటర్లకు పెట్టి, ఎపర్చర్ ఎఫ్/8 చేసి వదిలేస్తే ఇంచుమించు ఒక మీటరు నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా వస్తుంది. బటన్ నొక్కడమే, కెమెరా ఆలోచించదు. ఫ్యూజీలో చేత్తో ఫోకస్ పెట్టి ఇదే పని చేయొచ్చు గానీ లెన్సు పొడవు వల్ల అదే ఎఫ్/8 దగ్గర మీటరున్నర దాటాకే స్పష్టత మొదలవుతుంది. ఆట వలయంలో దూరి తీసేవాడికి ఆ అరమీటరు చాలా ఎక్కువ.

ఎరుపు లెక్క

మళ్లీ కల్లంలోకి. సెన్సర్ మీద ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజుల్లో ఏదో ఒకటి తొడిగి ఉంటుంది. మామూలు కెమెరాల్లో, రికోలోనూ, నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఫ్యూజీ తన సొంత అమరిక వాడుతుంది: 36 చుక్కల్లో 20 ఆకుపచ్చ, 8 ఎరుపు, 8 నీలం. మిర్చి గుట్ట ముందు నిలబడితే నిజంగా పనిచేసేవి ఎర్ర చుక్కలే, మిగతావాటికి అందేది చాలా తక్కువ. రికో 24.2 మెగాపిక్సెళ్లలో ఎర్ర చుక్కలు 60 లక్షలు. ఫ్యూజీ 40.2 మెగాపిక్సెళ్లలో ఎరుపు శాతం తక్కువైనా మొత్తం ఎక్కువ కాబట్టి దాదాపు 89 లక్షలు. 40 మెగాపిక్సెళ్లు ఎందుకు అని వెక్కిరించేవాళ్లలో నేనూ ఒకణ్ని, కానీ మిర్చి కాయ ముడతల దగ్గర ఆ తేడా కంటికి ఆనుతుంది.

అయితే ముద్ద కట్టడానికి అసలు కారణం చుక్కలు చాలకపోవడం కాదు, ఎర్ర చుక్కలు నిండి పొర్లిపోవడం. కెమెరా వెలుతురును మూడు రంగుల సగటున కొలుస్తుంది. ఆకుపచ్చ, నీలం సగం ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఇంకా వెలుతురు కావాలనుకుంటుంది, ఈలోగా ఎరుపు పొంగిపోతుంది. ఒకసారి పొంగిన రంగు కంప్యూటర్‌లో ఎంత దిద్దినా వెనక్కి రాదు. మందు తేలికే: ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, దించడం, కెమెరా దిద్దని ముడి 'రా' ఫైలులో తీయడం. ఫ్యూజీలో మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా చూసే వీలుంది, ఎరుపు అంచు తాకిందా లేదా అక్కడే తెలుస్తుంది. పాత ఫిల్ముల రంగుల్ని అనుకరించే దాని ఫిల్మ్ సిమ్యులేషన్లు ఇరవై. వాటిలో వెల్వియాను మాత్రం కల్లం దగ్గర ముట్టుకోవద్దు, అది ఉన్న ఎరుపును రెట్టింపు చేసి చూపిస్తుంది. క్లాసిక్ క్రోమ్‌లో ఎరుపు అణుగుతుంది, తాలు కాయ లేత పసుపు, మంచి కాయ ఎరుపు దేనికది కనిపిస్తాయి. ఖమ్మం మార్కెట్లో ధర తేల్చేది ఆ తేడానే కదా, ఫొటోలోనూ అది ఉండాలి.

రా ఫైలు విషయంలో రికో మంచి పని చేసింది. తన సొంత రకం కాకుండా అందరికీ తెలిసిన డీఎన్‌జీలో ఇస్తుంది. పాత కంప్యూటర్, పాత సాఫ్ట్‌వేర్ ఉన్నవాడికి ఇది చిన్న వరం కాదు. ఫ్యూజీ ఫైళ్లు బరువు, పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది.

మనుషుల రంగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రంగుల ఫిల్ము కాలంలో కొడాక్ కంపెనీ తెల్లమ్మాయి ఫొటో ఉన్న 'షిర్లీ కార్డు'లను ల్యాబులకు పంపేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. దశాబ్దాల పాటు నల్లటి చర్మం బురదరంగులో రావడానికి అదొక కారణం. నేటి సెన్సర్లకు ఆ పక్షపాతం లేదు గానీ ఆటోమేటిక్ కొలతకు ఇంకా ఉంది. నల్లటి ముఖం ఫ్రేము నిండితే కెమెరా దాన్ని బూడిదరంగుకు తేవాలని చూస్తుంది, వెనక తెల్లటి ఎండ ఉంటే ముఖాన్ని చీకట్లో తోసేస్తుంది. రెండింటిలోనూ ఎక్స్‌పోజర్ దిద్దుకోవాల్సింది మనమే. ఫ్యూజీలో అది దిద్దే చక్రం పైనే అంకెలతో కనిపిస్తూ ఉంటుంది, కంటికి ఆనించే ముందే తిప్పుకోవచ్చు. చెట్టునీడలో కూర్చున్నవాళ్లకు ముఖం మీద కాస్త వెలుగు వేయడానికి ఫ్యూజీలో చిన్న ఫ్లాష్ ఉంది. రికో జీఆర్-2 దాకా ఉంచిన ఫ్లాష్‌ను జీఆర్-3లో తీసేసింది. ఎందుకు తీసిందో రికోకే తెలియాలి. మన ఎండకు అది తప్పు.

ఎండ, దుమ్ము, గోదావరి

మేలో కొత్తగూడెం, భద్రాచలం వైపు 45 డిగ్రీలు కొత్త కాదు. తునికాకు సీజన్ అదే. తెల్లవారకముందే అడవికి వెళ్లి, ఆకు కోసి తెచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లంలో వరసలుగా ఆరబెడతారు. ఆ ఎండలో రికో వెనక తెర అద్దంలా మన ముఖాన్నే చూపిస్తుంది. దానికి వ్యూఫైండర్ లేదు, తెర పైకి లేవదు. అంచనా మీద తీయాలి. ఫ్యూజీకి కన్ను ఆనించే కిటికీ ఉంది. అందులో గాజులోంచి నేరుగానూ చూడొచ్చు, మీట తిప్పి ఎలక్ట్రానిక్ తెరగానూ చూడొచ్చు. వెనక తెర కూడా పైకి లేస్తుంది, వరసల మధ్య వంగి ఆకులు తిప్పుతున్న మనిషిని నేల ఎత్తు నుంచి తీయాలంటే బోర్లా పడుకోనక్కర్లేదు. ఎండను తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ రెండింటి లోపలా ఉంది. రికోది రెండు స్టాపులు, ఫ్యూజీది నాలుగు.

దుమ్ము దగ్గర రికో నిజంగా ఓడిపోతుంది. ఆన్ చేయగానే దాని లెన్సు గొట్టం బయటికి వస్తుంది, ఆపితే లోపలికి పోతుంది. ఆ రాకపోకల్లో ఎర్రమట్టి పొడి, మిర్చి ధూళి లోపలికి చేరే దారి దొరుకుతుంది. సెన్సర్‌ను దులిపే ఏర్పాటు ఉన్నా ఫొటోలో మచ్చలు పడటం జీఆర్ వాడేవాళ్లందరికీ తెలిసిన బాధ. లెన్సు ఊడదీసి మనమే తుడుచుకునే కెమెరా కాదిది, మొత్తం విప్పాలి. విప్పగలిగినవాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, చర్ల నుంచి రానూపోనూ ఏడు వందల కిలోమీటర్ల మాట. ఫ్యూజీ కూడా పెట్టెలోంచి తీసింది తీసినట్టుగా వానకు, దుమ్ముకు తట్టుకోదు. ముందు ఒక అడాప్టర్ రింగు, దాని మీద 49 మిల్లీమీటర్ల ప్రొటెక్షన్ ఫిల్టర్ బిగిస్తేనే సీలు పూర్తవుతుంది. ఆ రెండూ విడిగా కొనాలి. ఇంత ధర పెట్టాక ఆ గాజుముక్కకు మళ్లీ డబ్బులడగడం చిరాకే, అయినా కొనాల్సిందే.

వానాకాలం మాట మరీ ముఖ్యం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారని తెలిసినవాళ్లకు ఆ అంకె సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1986లో వచ్చిన 75.6 తర్వాత అదే పెద్దది. పెదమిడిసిలేరు దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తిన రోజుల్లో చర్ల విలేకరి బయటికి రాక తప్పదు. ఆ ముసురులో సీలు ఉన్న కెమెరా బయట ఉంటుంది, లేనిది ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. వాన వెలిశాక రెండింటికీ ఒకటే శత్రువు: లెన్సు లోపల పట్టే బూజు. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి. బీరువాలో చీరల మధ్య దాచొద్దు.

రాత్రి పనికి లెన్సు తేడా చాలా ఉంది. రికో ఎఫ్/2.8, ఫ్యూజీ ఎఫ్/2. అంటే ఫ్యూజీలోకి రెట్టింపు వెలుతురు. ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం గోదావరిలో రాములవారి తెప్పోత్సవం, తెల్లవారుజామున చెట్ల కింద ఇప్పపువ్వు ఏరడం, ఇవి ఆ రెట్టింపు విలువ తెలిసే చోట్లు. చెయ్యి వణుకును ఫ్యూజీ ఆరు స్టాపుల దాకా, రికో నాలుగు స్టాపుల దాకా సర్దుతాయని కంపెనీల మాట. తెప్ప మీద దీపాలకు అది పనికొస్తుంది, ఆడుతున్న మనిషికి పనికిరాదు.

బ్యాటరీ: రికో ఒక చార్జికి దాదాపు 200 ఫొటోలు, ఫ్యూజీ గాజు వ్యూఫైండర్‌తో 450. రెండూ ఫోన్ వైరుతో పవర్‌బ్యాంకు నుంచి చార్జవుతాయి. రికో కొంటే ఇంకో రెండు బ్యాటరీలు అదే రోజు కొనండి. బరువులో మాత్రం రికోకు సాటి లేదు: 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. ఫ్యూజీ 521 గ్రాములు, మెడకో భుజానికో వేలాడాలి.

కనిపించే కెమెరా

రికో ప్రేమికులు మొదట చెప్పే గొప్ప, అది ఎవరి కంటా పడదని. నాకు చర్ల దగ్గర అదే దాని లోపం అనిపిస్తుంది. ఇది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా అడవులకు ఆనుకున్న నేల, దశాబ్దాలుగా ఇటు పోలీసుల, అటు మావోయిస్టుల నడుమ నలిగిన ఊళ్లు. ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఏం తీసుకెళ్తున్నారు అన్నది ఇక్కడ ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. అరచేతిలో దాక్కునే కెమెరాతో తీసేవాడు ఏదో దాస్తున్నట్టే ఉంటాడు. మెడలో కనబడేలా వేలాడుతూ, తీసేటప్పుడు కంటికి ఎత్తుకునే కెమెరా తన పనేమిటో బహిరంగంగా చెబుతుంది. వద్దనేవాళ్లకు వద్దనే అవకాశం ఇస్తుంది. నాట్లేసే వాళ్ల దగ్గర, శవయాత్రల దగ్గర, పోడు భూముల గొడవల దగ్గర ఆ అవకాశం ఉండి తీరాలి. రెండింటి షట్టరూ లెన్సులోనే ఉంటుంది కాబట్టి చప్పుడు దాదాపు ఉండదు, అందుకని మనం నిలబడే తీరే చప్పుడు చేయాలి.

అందుకే ఒక్క కెమెరానే కొనగలిగిన చర్లవాసి అడిగితే ఫ్యూజీ అంటాను. వ్యూఫైండర్, ఫిల్టర్‌తో వచ్చే సీలు, ఫ్లాష్, ఒక అడుగు వెనక్కి నిలబెట్టే లెన్సు. ఇంటి లోపలి బతుకును, పండుగలో ఆటను తీయడమే తన పని అనుకునే కోయ కుర్రాడైతే మాత్రం ఆలోచించకుండా రికో తీసుకోవచ్చు. వాడు అక్కడి వాడే, వాడి చేతిలో చిన్న కెమెరాను ఎవరూ అనుమానించరు. పెళ్లిళ్లు చేసే స్టూడియో వాళ్లు ఈ రెండింటి జోలికీ రావద్దు, జూమ్ లేకుండా తలంబ్రాలు తీయలేరు.

ఎంచుకునే ముందు హైదరాబాద్‌లో కెమెరాలు అద్దెకిచ్చే చోట రెండూ తీసుకుని ఒక వారాంతం ఇటు తిప్పి చూడటం మంచిది. వాడిన జీఆర్-3 కొంటుంటే ఎపర్చర్‌ను ఎఫ్/16కు తెచ్చి తెల్లటి ఆకాశాన్ని ఒకటి తీయండి. సెన్సర్ మీద ధూళి ఉంటే మచ్చలు అక్కడే బయటపడతాయి. గొట్టం బయటికి వచ్చేటప్పుడు కరకరమంటే వదిలేయండి.

ఖర్చులో ఇంకొకటి కలపాలి: తీసినవాళ్లకు తిరిగి ఇచ్చే ప్రింట్లు. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే వియన్నా మానవశాస్త్రవేత్త ఈ గోదావరి కొండల్లో తిరిగి కొండరెడ్ల జీవితాన్ని ఫొటోలు తీశాడు, 1945లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన ఫొటోల భాండాగారం ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఫొటోలు అలా దూరం పోతాయి, కానీ ఇక్కడ ఏ ఊళ్లోనైనా ఫొటో తీశాక వినిపించే మొదటి మాట 'మాకిస్తావా సారూ?' అన్నదే. చాలా ఇళ్లలో ఆధార్ కోసం, పాస్‌పుస్తకం కోసం తీసిన చిన్న ముఖాలు తప్ప మనిషి పని చేస్తూనో నవ్వుతూనో ఉన్న కాగితం ఫొటో ఉండదు. రెండు కెమెరాలూ వై-ఫైలో ఫోన్‌కు ఫొటో పంపుతాయి, ఫోన్ నుంచి భద్రాచలం స్టూడియోకు పంపడం నిమిషం పని. వారం తర్వాత అదే ఊరికి వెళ్లేటప్పుడు సంచిలో ప్రింట్లు ఉండాలి. లామినేషన్ చేయించండి, ఆ ఇళ్ల గోడలు శ్రావణంలో చెమ్మెక్కుతాయి.